వంద శాతం ఎవరిది?

ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికల్లా మా ఏజెన్సీ రోడ్ల పక్కన ఫ్లెక్సీలు లేస్తాయి. ఫలానా గురుకులంలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. పిల్లల ఫొటోలు చిన్నగా, నాయకుల ఫొటోలు పెద్దగా. ఆ తర్వాత మండల కేంద్రంలో మీటింగు పెడతారు. "వాళ్ళు సాధించారు కదా, మీకేమైంది?" అని అడుగుతారు. గూడెం బడి టీచర్లం, ఆశ్రమ పాఠశాల టీచర్లం తల వంచుకుని కూర్చుంటాం. సంజాయిషీ రాసిచ్చి ఇంటికొస్తాం. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకు మేం నోరు తెరిచి జవాబు చెప్పలేదు. ఇక్కడ చెప్పదలుచుకున్నాం.

ముందుగా ఒక మాట. గురుకులాలకు మేం వ్యతిరేకం కాదు. మాలో కొందరం అక్కడ చదువుకునే ఈ కుర్చీలోకి వచ్చాం. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం పేదపిల్లలకు ఒక దారి చూపింది. 2014 మే 25న 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకుల విద్యార్థినే. ఆ రోజు మా బడిపిల్లలకు మిఠాయి పంచింది మేమే. మా గొడవ ఆ పిల్లలతో కాదు, ఆ బడులతోనూ కాదు. ఒక బడి ఫలితాన్ని ఇంకో బడి నెత్తిన కర్రగా వాడడం మీద మా గొడవ.

ఏ బడి గొప్పదని ఎవరు చెప్పినా మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరిని చేర్చుకున్నారు? ఎంత డబ్బు పెట్టారు, అది ఎక్కడికి పోయింది? చదువు చెప్పింది ఎవరు? ఈ మూడింటికీ జవాబు లేకుండా చెప్పే శాతం ఉత్త అంకె.

ఈ ప్రశ్నలు మన ఒక్కరివే కావు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ అనే నగరం ఉంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఎక్కువమంది నల్లజాతి పేదపిల్లలే. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను ఆ ఊరిని ముంచింది. నీళ్ళు తీసేశాక జనం ఇళ్ళు కట్టుకుంటుంటే, లూసియానా రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది నవంబరులోనే చట్టం చేసి నగరంలో వందకు పైగా బడులను ఊరి విద్యాబోర్డు చేతిలోంచి తీసేసుకుంది. వాటిని ఒక్కొక్కటిగా చార్టర్ స్కూళ్ళుగా మార్చింది. చార్టర్ స్కూలంటే డబ్బు ప్రభుత్వానిది, నడిపేది మాత్రం ప్రైవేటు బోర్డు. చెప్పిన ఫలితం చూపిస్తే ఒప్పందం కొనసాగుతుంది, లేకపోతే బడి మూతపడుతుంది లేదా ఇంకొకరి చేతికి పోతుంది. 2014 నాటికి రాష్ట్రం చేతిలోని ఆ జిల్లాలో మామూలు ప్రభుత్వ బడి ఒక్కటీ మిగల్లేదు. అన్నీ చార్టర్లే. దేశమంతా దాన్ని నమూనాగా చూపించారు.

అక్కడ మార్కులు పెరిగిన మాట నిజం. మేం దాచం. అక్కడి టులేన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీసి, పరీక్షల్లో పిల్లలు ముందుకొచ్చారనే చెప్పారు. కానీ అదే విశ్వవిద్యాలయం ఇంకో లెక్క కూడా తీసింది. అలాంటి ఇతర జిల్లాలతో పోలిస్తే అక్కడ ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు 13 శాతం పెరిగింది. పెరిగిన డబ్బు తరగతి గదిలోకి రాలేదు. పరిపాలన ఖర్చు 66 శాతం పెరిగింది, బోధన మీద ఖర్చు 10 శాతం తగ్గింది. అంటే ఆఫీసు పెరిగింది, పలక దగ్గర కూర్చునే మనిషి జీతం తరిగింది.

ఇక చదువు చెప్పింది ఎవరు? తుఫాను తర్వాత టీచర్లు, ఇతర సిబ్బంది కలిపి 7,000 మందికి పైగా ఒక్కసారిగా ఉద్యోగం పోగొట్టుకున్నారు. అంతకుముందు టీచర్లలో 70 శాతానికి పైగా నల్లజాతివాళ్ళు. ఆ వాడల్లో పుట్టి, ఆ చర్చీలకే వెళ్ళి, ఆ పిల్లల తాతముత్తాతల్ని ఎరిగినవాళ్ళు. 2014 నాటికి వాళ్ళు సగం కన్నా తగ్గిపోయారు. వాళ్ళ చోటులోకి బయటి ఊళ్ళ నుంచి చాలామంది కుర్ర టీచర్లు వచ్చారు. తీసేసినవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. కింద గెలిచారు, 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ఇక చేర్చుకున్నది ఎవరిని? వైకల్యం ఉన్న పిల్లలను తమ బడులు సరిగా చేర్చుకోవడం లేదని, వాళ్ళకు అందాల్సింది అందించడం లేదని తల్లిదండ్రులు 2010లో కేసు వేశారు. 2015లో గానీ రాజీ కుదరలేదు. చివరికి 2018 జులైలో ఆ బడుల పర్యవేక్షణ మళ్ళీ ఊరు ఎన్నుకున్న బోర్డుకే వచ్చింది. 2024లో ఆ బోర్డు తానే నేరుగా నడిపే బడిని తెరిచింది. తిరిగి తిరిగి ఊరి బడి దగ్గరికే వచ్చారు. మధ్యలో ఉద్యోగం పోయిన టీచరు బతుకు మాత్రం వెనక్కి రాలేదు.

ఇప్పుడు మన గూడేలకు వద్దాం. మొదటి ప్రశ్న, ఎవరిని చేర్చుకున్నారు?

ఐదో తరగతిలో మా పిల్లలకు ప్రవేశ పరీక్ష వస్తుంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆధార్ కావాలి, కుల ధ్రువపత్రం కావాలి, ఫొటో కావాలి. మీసేవకు పోవాలంటే పోడు పని మానుకుని ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. ఈ పనులన్నీ చేయగలిగిన తల్లిదండ్రులు ఎవరు? రోడ్డు పక్క ఊరివాళ్ళు, ఎంతోకొంత చదువుకున్నవాళ్ళు, ఇంట్లో ఒక ఉద్యోగం ఉన్నవాళ్ళు. గుట్ట మీది కొండరెడ్డి పిల్లవాడికి, నల్లమల లోపలి పెంటలో చెంచు పిల్లకి, కొలాం గూడెంలో అమ్మ లేని పిల్లకి ఆ దరఖాస్తు ఎవరు నింపుతారు? 'ఎస్టీ' అని ఒక్క గడిలో రాసేస్తే అందరం ఒకటే అనిపిస్తుంది. ఆ గడి లోపల ఏ తెగ పిల్లలు ఎందరున్నారో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

ఇంకో నిజం చెప్పాలి. ఆ పరీక్షకు పిల్లల్ని తయారు చేసేది మేమే. ఐదో తరగతిలో చురుగ్గా ఉన్న నలుగురిని సాయంత్రం కూర్చోబెట్టి లెక్కలు చెప్పి పంపిస్తాం. సీటు వస్తే మాకూ గర్వమే. కానీ ఆ నలుగురూ వెళ్ళిపోయాక మిగిలిన పిల్లల ముఖాలు చూడండి. తమకంటే ముందు చదివి వినిపించే పిల్ల లేదు. లెక్క తప్పితే పక్క నుంచి దిద్దే స్నేహితుడు లేడు. వాళ్ళు ఆశ్రమ పాఠశాలకు పోతారు. ఐదేళ్ళ తర్వాత మేం తీర్చిన నలుగురి మార్కులు ఒక బడి ఖాతాలో పడతాయి, మిగిలిన పిల్లల తప్పులు ఇంకో బడి ఖాతాలో పడతాయి. వడపోసిన నీళ్ళనూ వాగు నీళ్ళనూ పక్కపక్కన పెట్టి వాగును తిట్టినట్టు ఉంటుంది ఈ పోలిక.

శాతం లెక్క కూడా చూద్దాం. ఊరికే ఉదాహరణకు అనుకోండి. ఒక బడిలో ఆరో తరగతిలో 40 మంది చేరారు. పత్తి ఏరే కాలంలో కొందరు, ఇంటి దగ్గర చిన్నపిల్లల్ని చూడ్డానికి కొందరు, పెళ్ళయి ఒకరిద్దరు మానేశారు. పదికి 25 మంది మిగిలారు. 25 మందీ పాసయ్యారు. వంద శాతం! ఇంకో బడిలో 40 మందిని పట్టుకుని, ఇళ్ళకు తిరిగి, బతిమాలి, 38 మందిని పది దాకా తెచ్చారు. 30 మంది పాసయ్యారు. 79 శాతం. ఏ బడి ఎక్కువమందిని గట్టెక్కించింది? కానీ మీటింగులో నిలబడేది రెండో బడి హెడ్మాస్టరే. మధ్యలో మానేసిన 15 మంది ఏ లెక్కలోనూ లేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం అక్షరాస్యత 67 శాతం, గిరిజనుల అక్షరాస్యత 49 శాతం. ఆ తేడా పది ఫెయిలైనవాళ్ళది కాదు, పది దాకా రానివాళ్ళది.

రెండో ప్రశ్న, డబ్బు.

కేంద్ర ప్రభుత్వం 1997-98లో ఏకలవ్య ఆదర్శ గురుకులాలు మొదలుపెట్టింది. 2018లో దాన్ని పెంచి, సగానికి పైగా గిరిజనులుండి వాళ్ళ సంఖ్య 20,000కు తగ్గని ప్రతి బ్లాకులో ఒకటి పెడతామంది. ఒక్కో బడిలో 480 మంది. ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 1,09,000 రూపాయలు. కట్టడానికి మైదానంలో 37.80 కోట్లు, కొండ ప్రాంతాల్లో 48 కోట్లు. బాగుంది. మా పిల్లలకు అంత ఖర్చు పెట్టడం ఎక్కువని మేం అనం. దేశమంతా 740 బడులు నిండా నడిచినా అందులో పట్టేది మూడున్నర లక్షల మంది. 2011 లెక్కల్లోనే మన దేశంలో ఆదివాసులు 10 కోట్లకు పైగా. మిగిలిన పిల్లలు ఎక్కడ చదవాలి? మా దగ్గరే. సగం కన్నా తక్కువ గిరిజనులున్న బ్లాకుల్లో, చెల్లాచెదురుగా బతికే చెంచుల వంటివాళ్ళకు ఆ లెక్క అసలు అందదు.

మరి మా దగ్గర? గిరిజన ప్రాథమిక పాఠశాలలో ఒక్క టీచరు ఐదు తరగతులకు చెప్పే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ టీచరుకు జ్వరం వస్తే బడికే జ్వరం. ఆశ్రమ పాఠశాలల్లో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పనిచేసే సీఆర్టీలు రెగ్యులర్ టీచరు చెప్పే పాఠాలే చెబుతారు, జీతం మాత్రం వేరు. ఒక గదిలో పగలు పాఠం, రాత్రి పడక. తెలంగాణలో హాస్టళ్ళలో, గురుకులాల్లో మూడు నుంచి ఏడో తరగతి పిల్లవాడికి మెస్ చార్జీ నెలకు 950 రూపాయలుగా ఏడేళ్ళు కదల్లేదు. బియ్యం పక్కన పెట్టినా, పప్పు, నూనె, గుడ్డు ధరలు ఆ ఏడేళ్ళూ ఆగాయా? 2024లో 1,330కి పెంచారు. సంతోషమే. రోజుకు ఎంతవుతుంది? 44 రూపాయలు. అందులోనే టిఫిను, రెండు పూటల కూర, పాలు, గుడ్డు. ఆడపిల్లల సబ్బు, నూనె ఖర్చుకిచ్చే కాస్మెటిక్ చార్జీలు 16 ఏళ్ళ తర్వాత పెరిగాయి. 16 ఏళ్ళంటే ఒక పిల్ల పుట్టి పది పాసయ్యే కాలం.

చట్టాలు లేకనా ఇలా? 1974లో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. 2013లో ఉమ్మడి రాష్ట్రం ఉపప్రణాళికకు చట్టబద్ధత కల్పించింది. 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. మన జనాభాకు తగ్గ వాటా మనకే ఖర్చు కావాలని ఈ చట్టాల సారం. ఆ వాటాలో మన మండలం బడులకు ఎంత వచ్చింది, అందులో పలక దాకా ఎంత చేరింది? ఇది అడగడం నేరం కాదు. న్యూ ఆర్లియన్స్‌లో ఎవరో ఒకరు లెక్క తీశారు కాబట్టే ఆఫీసు ఎంత తిన్నదో బయటపడింది.

మూడో ప్రశ్న, చదువు చెప్పేది ఎవరు?

మేం ఒక సంగతి కళ్ళారా చూశాం. బయటి నుంచి కొత్తగా వచ్చిన టీచరు క్లాసులో ఒక కోయ పిల్ల చెయ్యెత్తి "ఏరు" అంది. మన భాషలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. వాగుకు పోతానంటోందని ఆ టీచరు కసిరి కూర్చోబెట్టారు. మళ్ళీ అడిగింది, మళ్ళీ కసిరారు. మధ్యాహ్నం దాకా ఆ పిల్ల దాహంతోనే కూర్చుంది. ఆ టీచరు చెడ్డమనిషి కాదు. తెలిశాక బాధపడ్డారు కూడా. కానీ ఆ పిల్ల ఆ ఏడాది మళ్ళీ చెయ్యెత్తలేదు. మొదటి తరగతిలో దించిన చెయ్యి పదో తరగతిలో పైకి లేవమంటే లేస్తుందా? 'వెనుకబడిన విద్యార్థి' అని రిజిస్టర్లో రాసుకునేది ఇలాంటి పిల్లలనే.

ఈ సంగతి ప్రభుత్వాలకు తెలియక కాదు. 1940లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు టీచరు. 80 ఏళ్ళ కిందటే తెలిసిన ముక్క ఇది. ఆ తర్వాత 1986లో జీవో 275, 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది జీవో 3. ఎందుకు? బయటి టీచర్లు బడికి రావడం లేదు కాబట్టి. గూడెంలో ఉండే టీచరే గూడెం బడి తలుపు తీస్తాడు కాబట్టి. 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసి ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన కూడా మొదలుపెట్టారు. మొదలుపెట్టినంత శ్రద్ధగా నడపలేదు.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్లో ఉండగా, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఐదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదంది. ఉన్నవాళ్ళ ఉద్యోగాలను షరతుతో ఉంచింది. న్యూ ఆర్లియన్స్‌లోలా మమ్మల్ని ఒక్క రోజులో ఇంటికి పంపలేదు. కానీ మా తర్వాత రావాల్సిన తమ్ముళ్ళ, చెల్లెళ్ళ దారి మూసుకుపోయింది. తీర్పును గౌరవిస్తాం. గౌరవిస్తూనే అడుగుతాం: ఒక ఉద్యోగార్థి సమానత్వాన్ని కోర్టు తూచింది, దాహంతో కూర్చున్న ఆ పిల్ల సమానత్వాన్ని ఏ తక్కెడలో తూస్తారు?

"స్థానికులు కావాలంటే అర్హత తగ్గించమనడమే కదా" అంటారు కొందరు. కాదు. మేం డీఈడీ చదివాం, టెట్ రాశాం, డీఎస్సీ రాశాం. మైదానపు టీచరుకున్న కాగితాలన్నీ మాకున్నాయి. ఆయనకు లేనిది ఒకటి ఎక్కువగా ఉంది, పిల్లవాడి భాష. దాన్ని అర్హత అనని చోట అర్హత అనే మాటకు అర్థమేమిటి?

ఇక ఏకలవ్య బడులకు 2023లో ఢిల్లీ నుంచే దేశమంతటికీ ఒకే నియామక పరీక్ష పెట్టారు. హిందీ వచ్చి ఉండాలన్నారు. హిందీ రాష్ట్రాల నుంచి చాలామంది యువతీయువకులు దక్షిణాదికి వచ్చారు. ఇక్కడి భాష రాక, తిండి పడక, తిరిగి సొంత రాష్ట్రాలకు పంపమని దరఖాస్తులు పెట్టుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. కోయ రాదు సరే, తెలుగూ రాని మనిషి ఏజెన్సీ పిల్లకు ఏం చెప్పాలి? చదువుకోవడానికి చోటివ్వక, సొంతంగా నేర్చుకున్నాక బొటనవేలు అడిగిన కథలోని పేరు ఆ బడులకు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళు ఆ కథను ఒకసారి గుర్తు చేసుకోవాలి. వేలు బదులు ఇప్పుడు నాలుక అడుగుతున్నారు.

ఇంత చెప్పి మా తప్పు దాచుకుంటే అది పోరాటం కాదు. మాలోనూ సోమవారం మధ్యాహ్నం బడికొచ్చి శుక్రవారం సాయంత్రం బస్సెక్కేవాళ్ళున్నారు. గూడెంలో పుట్టి, ఉద్యోగం రాగానే పట్నంలో ఇల్లు కట్టి, పిల్లల్ని ప్రైవేటు కాన్వెంటులో వేసినవాళ్ళం మేమే. మన భాషలో మాట్లాడితే చిన్నతనమని క్లాసులో తెలుగులోనే కసిరే కోయ టీచర్లను మేం ఎరుగుదుం. స్థానికత అంటే కుల ధ్రువపత్రం కాదు. పిల్లవాడు నీళ్ళడిగితే అర్థం కావడం, వానాకాలం వాగు పొంగినా బడి తెరిచి ఉండడం. మనం ఆ పని చేస్తేనే మన మాటకు విలువ.

ఏం చేయాలి? తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈసారి ఫ్లెక్సీ ముందు నిలబడి సెల్ఫీ దిగేముందు పక్కనే ఒక కాగితం అంటించండి. ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, పది రాసింది ఎంతమంది, ఏ తెగ పిల్లలెందరు, ఖాళీ పోస్టులెన్ని, ఒక్కో పిల్లవాడికి ఎంత ఖర్చు పెట్టారు. ఈ ఐదు అంకెలు గురుకులానికీ రాయండి, ఆశ్రమ బడికీ రాయండి, గూడెం బడికీ రాయండి. తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద అజమాయిషీని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. బడి అందులోదే. గ్రామసభలో ఇళ్ళ పట్టాల గురించి, రోడ్డు గురించి అడుగుతున్నాం, బడి లెక్క ఒక్కసారైనా అడిగామా?

ప్రభుత్వాలను మేం అడిగేది ఇదీ. జీవో 3 స్థానంలో కోర్టు ముందు నిలబడే చట్టం చేయండి, దానికి రాజ్యాంగ సవరణ కావాలంటే కేంద్రం మీద ఒత్తిడి తెండి. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లల భాష తెలిసిన టీచరు లేని బడి ఏజెన్సీలో ఉండకూడదు. పిల్లవాడి మీద పెట్టే ఖర్చు బడి బోర్డు మీది పేరును బట్టి మారకూడదు. పది శాతాలు ప్రకటించేటప్పుడు మధ్యలో మానేసినవాళ్ళ లెక్క కూడా ప్రకటించండి.

తోటి టీచర్లకు ఒక మాట. వచ్చే ఏడు మీటింగులో "వాళ్ళు సాధించారు, మీకేమైంది?" అని మళ్ళీ అడుగుతారు. తల వంచుకోవద్దు, కోపగించుకోవద్దు. మన హాజరు రిజిస్టరు తీసుకెళ్దాం. మానేసిన ప్రతి పిల్ల పేరూ చదువుదాం. ఏ గూడెం, ఎందుకు మానేసింది, మనం ఎన్నిసార్లు ఇంటికి వెళ్ళాం. ఆ పేర్లన్నీ అయ్యేదాకా వినమందాం. ఆ తర్వాత శాతాల గురించి మాట్లాడుకుందాం.